పట్టణపు పాత ఫోటోలు: కుటుంబాలు, భవనాలు, రైల్వే అని మూడుగా విడదీయవచ్చా?

వీధిదీపం:

నమస్కారం. ఒక చిన్న పట్టణంలో ఎప్పుడో మూతపడిన ఫోటో స్టూడియో సామాను ఇటీవల మా గ్రంథాలయానికి చేరింది. వారసులు ఇల్లు ఖాళీ చేస్తూ, పారేయడానికి మనసొప్పక తెచ్చి ఇచ్చారు. దాన్ని చూసుకునే పని నాకు అప్పగించారు. చరిత్ర అంటే ప్రాణం కానీ, ఫోటోల సంరక్షణలో నాకు శిక్షణ లేదు. అందుకే చెయ్యి వేసేముందు తెలిసినవారిని అడుగుతున్నాను.

మొత్తం నాలుగు చెక్కపెట్టెలు. మొదటి దానిలో గాజు నెగటివ్‌లు ఉన్నాయి. పాత అట్టపెట్టెల్లో అంచుల మీద నిలబెట్టి పేర్చారు. కొన్నింటికి కాగితపు కవర్లు ఉన్నాయి, కొన్నింటికి లేవు. రెండో పెట్టెలో మందపాటి అట్టలకు అతికించిన ప్రింట్లు. అట్ట అడుగున స్టూడియో పేరు బంగారు రంగులో అచ్చు వేసి ఉంది. మూడో దానిలో విడి ప్రింట్లు, ఫోటో పోస్టుకార్డులు, అంచులు నలిగిన ఒక పొడవాటి ఖాతా పుస్తకం. నాలుగోది పూర్తిగా ఫిల్మే. చుట్టలు చుట్టి రేకు డబ్బాల్లో పెట్టారు. ఆ పెట్టె మూత తీస్తే ముక్కు మండేంత పుల్లటి వాసన వస్తోంది.

ఫోటోల్లో ఎక్కువ భాగం కుటుంబాలవే. ఆ తరువాత భవనాలు: బడి, కోర్టు, గడియారపు గోపురం, కడుతూ ఉండగా తీసిన వంతెన. రైల్వేవి కూడా చాలానే ఉన్నాయి. వాటిని కుటుంబాలు, భవనాలు, రైల్వే అని మూడుగా విడదీసి మూడు ఆల్బముల్లో పెడితే చూడవచ్చినవారికి సులువుగా ఉంటుందని నా ఆలోచన. గాజు నెగటివ్‌లను శుభ్రం చేసి స్కాన్ చేయించాలి. కొన్నింటి మీద ఆకాశం ఉండవలసిన చోట ఎర్రటి మరక మందంగా పట్టి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే పోతుందా?

ఒక ఫోటో గురించి ప్రత్యేకంగా అడగాలి. స్టేషను సిబ్బంది మూడు వరుసల్లో ఉన్నారు. ముందు వరుస మధ్యలో, వంకీలు తిరిగిన చేతులున్న కుర్చీలో, కోటు జేబుకు గడియారపు గొలుసు వేలాడుతున్న ఒక పెద్దమనిషి. వెనక ఒక సిగ్నల్ స్తంభం. ఎడమ అంచున, సగం ఫ్రేములో సగం బయట, ఒక చిన్న పిల్లవాడు. కదిలినట్టున్నాడు, ముఖం చెదిరింది. వెనక పేర్లు లేవు, తేదీ లేదు. ఇలాంటి ఫోటోను ఏ కాలానిదో ఎలా తేల్చాలి?

చీకటిగది:

మూడుగా విడదీయకండి. ఆల్బములు కొనకండి. ఆ ఎర్ర మరకను దయచేసి ముట్టుకోకండి. మిగతావి నిదానంగా చెబుతాను.

నా ఉద్యోగమంతా ఒక సంగ్రహాలయంలో నెగటివ్‌లు దాచే గదిలో గడిచింది. మీ పెట్టెల్లాంటివి చాలా వచ్చాయి. కొన్ని ఎలా ఉన్నవి అలాగే వచ్చేవి. మరికొన్నింటిని ఎవరో ఒక మంచిమనిషి ముందే “సర్ది” తెచ్చేవారు. రెండో రకంలో ఫోటోలు చక్కగా ఉండేవి, మనుషులు మాత్రం ఎవరో ఎన్నటికీ తెలిసేది కాదు. ఎందుకంటే పేరు రాయని ఫోటో గురించి సమాచారం ఇచ్చేది దాని పక్కనున్న ఫోటోనే. ఏ పెట్టెలో ఉంది, దేని తరువాత ఉంది, కవరు మీద ఏ అంకె ఉంది, అది ఎవరి చేతిరాత. ఆ వరుసను ఒక్కసారి చెదరగొడితే తిరిగి పేర్చడం ఎవరి తరమూ కాదు.

పాత పత్రాలు భద్రపరిచే ఆర్కైవ్స్ వాళ్లు ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నారు. ఒకే చోటు నుంచి వచ్చిన పత్రాలను వేరేవాటితో కలపకుండా ఒకటిగా ఉంచాలని 1841లో ఫ్రాన్స్‌లో ఉత్తర్వు వెలువడింది. వచ్చిన క్రమాన్ని కూడా కాపాడాలని 1881లో జర్మనీలోని ప్రష్యా రాజ్య ఆర్కైవ్స్ నియమం పెట్టుకుంది. అవి ప్రభుత్వ కాగితాల కోసం రాసుకున్న నియమాలు. కానీ ఒక చిన్న స్టూడియో సామానుకు అవి ఇంకా గట్టిగా వర్తిస్తాయి. అక్కడ ఫోటోగ్రాఫరు బుర్రలో ఉన్న సమాచారానికి ఆ వరుస తప్ప మరో ఆధారం మిగలలేదు.

ముందు ప్రతి పెట్టెనూ మూత తీసి పైనుంచి ఫోనుతో ఫోటో తీయండి. తరువాత ఒక్కొక్కటే బయటికి తీసి, పెట్టె సంఖ్య, అందులో దాని స్థానం కలిపి ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వండి. రెండో పెట్టెలో ముప్పై ఏడోది అయితే 2-037. కొత్త కవరు మీద ఆ సంఖ్యను ముందు పెన్సిలుతో రాసి, ఆ తరువాతే ఫోటోను లోపల పెట్టాలి. లోపల పెట్టాక రాస్తే ఆ ఒత్తిడి ఫోటో మీద అచ్చు పడుతుంది. పాత కవర్లు పారేయకండి. అవీ సేకరణలో భాగమే, వాటికీ అదే సంఖ్య ఇవ్వండి. మీరు చెప్పిన మూడు వర్గాలను కంప్యూటర్‌లో పట్టికగా పెట్టుకోవచ్చు. పట్టికలో ఒకే ఫోటో మూడింటి కిందా కనిపించగలదు. ఆల్బములో ఒక్కచోటే ఉండగలదు.

ఇక ఎర్ర మరక. అది మరక కాదు, ఫోటోగ్రాఫరు కుంచెతో పూసిన రంగు. పాతకాలపు గాజు పలకలకు నీలిరంగు వెలుతురంటే విపరీతమైన చురుకు. అందువల్ల ఆకాశం నెగటివ్‌లో మచ్చలు మచ్చలుగా, ఎగుడుదిగుడుగా పడేది. భవనం అంచు వెంబడి ఆ ఎర్రరంగు పూస్తే అక్కడ వెలుతురు ఆగిపోయి, ప్రింటులో ఆకాశం తెల్లగా, శుభ్రంగా వచ్చేది. ఒకసారి భూతద్దం పెట్టి ఆ రంగు అంచు చూడండి. గోపురం కొసల దగ్గర, కిటికీ పైకప్పుల దగ్గర కుంచె ఎంత ఓపికగా తిరిగిందో తెలుస్తుంది. ఇలాగే ముఖాల మీద సన్నని పెన్సిలు గీతలు కనిపిస్తాయి. ముడతలు తగ్గించడానికి నెగటివ్ మీదే దిద్దేవారు. తడిగుడ్డ పెడితే ఆ పనంతా మీ గుడ్డకు అంటుకుని వస్తుంది.

గాజు పలకకు ఒకవైపు నిగనిగలాడుతుంది, అది ఉత్త గాజు. రెండోవైపు మెరుపు లేకుండా మసకగా కనిపిస్తుంది, బొమ్మ ఉన్నది అటే. అటువైపు మెత్తని కుంచెతో దుమ్ము దులపడం కూడా, పొర ఎక్కడా లేచి ఊడడం లేదని చూసుకున్నాకే. నీళ్లు అసలే వద్దు. ఉత్త గాజు వైపు మాత్రం, రంగు పూత లేకపోతే, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి గట్టిగా పిండిన దూదితో తుడవవచ్చు. పలకలను అంచులతో పట్టుకోండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, పొడవాటి అంచు మీద నిలబెట్టండి. వాళ్లు నిలబెట్టే ఉంచారన్నారు, ఆ ఫోటోగ్రాఫరుకు తన పని తెలుసు.

పలక అంచులు చూస్తే కాలం కొంత తెలుస్తుంది. పూత చేత్తో పోసినట్టు మూలల్లో ఎగుడుదిగుడుగా, మీగడ రంగులో ఉంటే అది తడి కొలోడియన్ పద్ధతి, అంటే కొలోడియన్ అనే జిగట ద్రవం పూసి, తడి ఆరకముందే ఫోటో తీసేది. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించినది. అలాంటివి కనిపిస్తే దగ్గరికి స్పిరిట్ రానివ్వకండి, పైనున్న వార్నిష్ కరిగిపోతుంది. పూత సమంగా, నలుపు బూడిద రంగులో ఉంటే పొడి జెలటిన్ పలక. దానికి 1871లో రిచర్డ్ మాడాక్స్ దారి చూపాడు. 1880ల నుంచి ప్రపంచమంతా అదే వాడింది. మీవి చాలావరకు ఇవే అయి ఉంటాయి.

అట్ట ప్రింట్లలో కాగితం పల్చగా, తెల్లని భాగాలు పసుపు తిరిగి, భూతద్దంలో కాగితపు పీచు కనిపిస్తుంటే అవి గుడ్డుసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింట్లు. 1850లో మొదలై ఆ శతాబ్దం చివరిదాకా రాజ్యమేలాయి. నల్లని భాగాల్లో అంచుల వెంబడి నీలివెండి మెరుపు కనిపిస్తే అది ఆ తరువాతి కాలపు జెలటిన్ ప్రింటు. ఆ మెరుపును కూడా తుడవకూడదు, బొమ్మలోని వెండే పైకి తేలి అలా కనిపిస్తుంది.

చివరగా ఒక ప్రశ్న. ఆ ఖాతా పుస్తకం గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. అందులో ఏముంది? నాలుగు పెట్టెల్లోనూ అన్నిటికన్నా విలువైనది అదేనని నా నమ్మకం.

నీలిమంట:

నాలుగో పెట్టె గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే తొందరగా రాస్తున్నాను. మిగతా పనులన్నీ ఆపి ముందు ఆ పెట్టెను వేరే గదికి మార్చండి. ఎక్కడ ఉండేదో ఫోటో తీసుకుని మార్చండి, క్రమం పోదు.

పాత ఫిల్ము రెండు రకాలు. ఒకటి నైట్రేట్. కొడాక్ 1889 నుంచి అమ్మింది, 1950ల మొదట్లో మానేసింది. రెండోది అసిటేట్, దాని అంచున సాధారణంగా ‘సేఫ్టీ’ అని ఆంగ్లంలో అచ్చయి ఉంటుంది. వెనిగర్ వాసన వస్తే అసిటేట్ కుళ్లుతోందని అర్థం. దానికి నిప్పంటుకునే ప్రమాదం తక్కువే. కానీ ఆ ఆవిరి పక్కనున్న ఫిల్మును కూడా పాడుచేస్తుంది. వాసన ఘాటుగా, ముక్కు మండేలా ఉండి, ఫిల్ము పసుపు రంగుకు తిరిగి జిగటగా ఉన్నా, గోధుమరంగు పొడి రాలుతున్నా, అది నైట్రేట్ కావచ్చు. నైట్రేట్ అంటుకుంటే నీళ్లు పోసినా, ఇసుక కప్పినా ఆరదు. మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను తనే పుట్టించుకుంటుంది. దాని పొగ విషం.

మీరు పుల్లటి వాసన అన్నారు, ముక్కు మండేంత అని కూడా అన్నారు. కాబట్టి రెండూ కలిసి ఉన్నాయనే అనుకోండి. చల్లని, గాలి ఆడే గదిలో, ఎండకు, వేడికి, నిప్పుకు దూరంగా పెట్టండి. డబ్బాలను ఇంట్లో తెరవకండి, చుట్టలు విప్పకండి, ముక్క కత్తిరించి కాల్చి చూసే పరీక్ష అసలే వద్దు. నైట్రేట్ ఫిల్మును భద్రపరచడం తెలిసిన ఆర్కైవ్స్‌కు, అగ్నిమాపక శాఖకు చెప్పండి. వాళ్లు వచ్చి చూసేదాకా స్కానింగ్ మాట ఎత్తవద్దు.

గార్డుపెట్టె:

నాకు తెలిసింది రైల్వే. ఆ ఒక్క భాగమే చెబుతాను.

ఇంజను ఉన్న ఫోటోలన్నీ పక్కన పెట్టుకుని, కాదు, పక్కన పెట్టకండి, చీకటిగది గారు చెప్పినట్టు వాటి సంఖ్యలు మాత్రం రాసుకుని, ఒక్కొక్కదాన్ని భూతద్దంతో చూడండి. మొదట చక్రాలు లెక్కపెట్టండి. ముందు చిన్న చక్రాలు, మధ్యలో పెద్ద చక్రాలు, వెనక మళ్లీ చిన్నవి. రెండు వైపులవీ కలిపితే 4-6-2 లాంటి లెక్క వస్తుంది. 1900లో ఫ్రెడరిక్ వైట్ అనే అమెరికన్ పెట్టిన పద్ధతి ఇది. ఆ మూడు అంకెలతోనే ఇంజను ఏ తరగతిదో చాలావరకు తెలిసిపోతుంది. తరువాత ఇంజను పక్కన గుండ్రంగానో పలకగానో లోహపు ఫలకం ఉందేమో వెతకండి. తయారు చేసిన కర్మాగారం పేరు, వరుస సంఖ్య, సంవత్సరం దాని మీద పోతపోసి ఉంటాయి. మాంచెస్టర్ బేయర్ పీకాక్, ఫిలడెల్ఫియా బాల్డ్విన్, గ్లాస్గో నార్త్ బ్రిటిష్ వంటి పెద్ద కర్మాగారాల వరుస సంఖ్యల జాబితాలు నేటికీ ఉన్నాయి. అంకె సగమే కనిపించినా పనికొస్తుంది.

అయితే ఫలకం చెప్పేది ఇంజను పుట్టిన సంవత్సరమే. ఇంజన్లు నలభై, యాభై ఏళ్లు తిరిగేవి. కాబట్టి అది “అంతకు ముందు కాదు” అనడానికి మాత్రమే ఆధారం. “ఆ తరువాత కాదు” అనడానికి కంపెనీ అక్షరాలు చూడాలి. బొగ్గు, నీళ్లు మోసే టెండరు మీద, పెట్టెల మీద, స్టేషను బల్లల మీద కంపెనీ పేరు రాసి ఉంటుంది. కంపెనీలు విలీనమైన తేదీలు ఖచ్చితంగా తెలుసు. బ్రిటన్‌లో కంపెనీలు దాదాపు అన్నీ 1923 జనవరి 1న నాలుగు పెద్ద సంస్థలుగా మారాయి, 1948 జనవరి 1న జాతీయమయ్యాయి. మన దేశంలో మూడు రైల్వేలు కలిసి 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే అయింది. పాత అక్షరాలు చెరిపి కొత్తవి రాయడానికి కొన్నేళ్లు పట్టేది, ఆ వెసులుబాటు ఉంచుకోండి.

రంగుల విషయంలో జాగ్రత్త. పాత పలకలకు ఎరుపు కనిపించేది కాదు. ఎర్రటి సిగ్నల్ చెయ్యి ఫోటోలో నల్లగా పడుతుంది, దాని మీది తెల్ల పట్టీ మాత్రం తెల్లగానే ఉంటుంది. ఇంజను నల్లగా ఉంది కనుక దాని రంగు నలుపే అని రాయకండి, ముదురు ఎరుపు కావచ్చు. గాజు నెగటివ్‌ను ఏ వైపు నుంచి చూస్తున్నారన్నది కూడా ముఖ్యం. తిరగేసి చూస్తే స్టేషను కుడి ఎడమ అవుతుంది. బోర్డు అక్షరాలు, కోటు బొత్తాలు చూసి సరిచూసుకోండి.

మీ గ్రూపు ఫోటోలోని పిల్లవాడి ముఖం చెదరడం కూడా ఒక ఆధారమే. ఆరుబయట వెలుతురులోనూ పలక కొంతసేపు తెరిచి ఉందన్నమాట. మిగతా వాళ్లంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, వాడికి ఎవరూ చెప్పలేదు.

వీధిదీపం:

అందరికీ ధన్యవాదాలు. ముందు నీలిమంట గారికి: ఫిల్ము పెట్టె మేడమీది ఖాళీ గదికి వెళ్లింది, కిటికీలు తెరిచి ఉన్నాయి, తాళం నా దగ్గరే ఉంది. అగ్నిమాపక అధికారులకు ఉత్తరం ఇచ్చాం.

చీకటిగది గారూ, ఖాతా పుస్తకం తెరిచాను. ప్రతి పేజీలో గీతలు గీసి, వరుస సంఖ్య, తేదీ, వారం, ఎవరి కోసం, పలక కొలత, ఎన్ని కాపీలు, ముట్టిన సొమ్ము అని రాశారు. సంవత్సరం మాత్రం ఎక్కడా లేదు. ఆ తరువాత గాజు పలకలను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, కుడివైపు కింది మూలలో సూదితో గీకిన చిన్న అంకెలు కనిపించాయి. ఖాతాలోని సంఖ్యలే అవి!

స్టేషను గ్రూపు 412. మార్చి 14, సోమవారం, స్టేషన్ మాస్టరు గారు, పన్నెండు కాపీలు. దాని కింద 413, 414, 415 కూడా అదే రోజు, అదే పేరు మీద ఉన్నాయి. వాటిని వెతికి, కింద నుంచి వెలుతురు వచ్చే వెలుతురు బల్ల మీద వరుసగా పెట్టాను. 413లో ఒక ఇంటి వరండాలో ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు. ఆమె కూర్చున్నది వంకీల చేతుల కుర్చీలోనే. స్టేషను నుంచి ఇంటికి మోసుకొచ్చారో, ఇంటి నుంచి స్టేషనుకు తీసుకెళ్లారో. పక్కన నిలబడ్డ పెద్దవాడు 412 అంచున చెదిరిన పిల్లవాడే. అదే పెద్ద కాలరు, అదే మోకాళ్ల దాకా ఉన్న లాగు. ఈసారి కదలకుండా నిలబడ్డాడు, ముఖం స్పష్టంగా ఉంది. 414 ఆ ఇల్లు ఒక్కటే, మనుషులు లేరు. 415లో ఇంజను, దాని పక్కన డ్రైవరు, ఫైర్‌మన్. ఇంజను ఫలకం మీద 1907 అని చదవగలిగాను.

నేను అనుకున్నట్టు చేసి ఉంటే 413 కుటుంబాల్లోకి, 414 భవనాల్లోకి, మిగతా రెండూ రైల్వేలోకి వెళ్లిపోయేవి.

ఇప్పుడు సంవత్సరం ఎలా తేల్చాలి?

గార్డుపెట్టె:

వారం రాశారు కదండీ, అది చాలు! మార్చి 14 సోమవారం ప్రతి సంవత్సరమూ రాదు. 1904 తరువాత 1940 లోపు 1910, 1921, 1927, 1932, 1938 సంవత్సరాల్లోనే వచ్చింది. ఇంజను 1907లో తయారైంది కాబట్టి 1904 పోయింది. మిగిలినవి ఐదు. 414లో ఇంటి వెనక ఏమైనా కనిపిస్తోందా? కొత్త కట్టడం, కరెంటు స్తంభం, ఏదైనా?

వీధిదీపం:

కనిపించాల్సింది కనిపించడం లేదు. ఆ వీధిలో అదే వైపు నుంచి తీసిన మరో పలక ఉంది, 1160. అందులో ఇంటి కప్పు మీదుగా గడియారపు గోపురం నిలువునా కనిపిస్తుంది. 414లో అక్కడ ఉత్త ఆకాశమే. ఎర్రరంగు పూసి గోపురాన్ని కప్పేశారేమోనని భూతద్దంతో చూశాను, ఆ పలక మీద రంగు లేదు. గోపురం గోడలోని రాయి మీద 1924 అని చెక్కి ఉంది. అంటే 1910 లేదా 1921.

ఇంకొకటి. అట్ట ప్రింట్లలో ఒక బడి గ్రూపు ఉంది. ముందు కూర్చున్న పిల్లవాడి చేతిలో పలక, దాని మీద సుద్దతో 1929. ప్రింటు వెనక పేర్లు పెన్సిలుతో రాశారు. వాటిలో స్టేషన్ మాస్టరు ఇంటిపేరే ఉన్న కుర్రవాడు ఒకడున్నాడు, పద్నాలుగు పదిహేనేళ్లు ఉంటాయి. 413లో పిల్లవాడికి ఆరేడేళ్లు. లెక్క 1921తో సరిపోతోంది. అదే రాసేయనా?

గార్డుపెట్టె:

సంవత్సరం వరకు సంతోషమే కానీ, కుర్రవాడి దగ్గర ఆగండి. స్టేషన్ మాస్టర్లకు బదిలీలు తప్పవు. ఎనిమిదేళ్లు ఒకేచోట ఉండటం అరుదు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఒకే కుటుంబం కానక్కరలేదు. చెవులు పోల్చి చూడండి. వయసుతో ముఖం మారుతుంది, చెవి తమ్మె ఆకారం పెద్దగా మారదు. అదీ రుజువు కాదు, సాయం మాత్రమే. బడి ప్రవేశాల రిజిస్టరు దొరికితే అందులో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. అది అసలైన ఆధారం.

చీకటిగది:

గార్డుపెట్టె గారు చెప్పినదానికి ఒక చిన్న చేర్పు. మీరు కనుక్కున్నదాన్ని ఎలా రాస్తారన్నది కనుక్కోవడమంత ముఖ్యం. చూసింది వేరుగా, ఊహించింది వేరుగా రాయండి. నేనైతే ఇలా రాస్తాను:

“1-058. గాజు నెగటివ్, స్టూడియో సంఖ్య 413. ఖాతాలో: మార్చి 14, సోమవారం, స్టేషన్ మాస్టరు పేరు మీద. వరండాలో ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు. కుర్చీ, పెద్ద పిల్లవాడు 412లోనూ ఉన్నారు. సంవత్సరం: 1910 లేదా 1921 (415లో ఇంజను ఫలకం 1907, 414లో 1924 నాటి గోపురం లేదు). 1921 అయ్యే అవకాశం ఎక్కువ, 1929 బడి ఫోటోలోని కుర్రవాడు ఇతడే అయితే. సరిచూడాలి.”

పొడుగ్గానే ఉంది. అయినా ఇలాగే రాయండి. రేపు బడి రిజిస్టరులో వేరే తండ్రి పేరు బయటపడితే, మీ తరువాత వచ్చినవారు చివరి రెండు వాక్యాలు మాత్రమే దిద్దుకుంటారు. “1921” అని ఒక్కమాటలో రాస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకు తెలియదు, తప్పయితే దిద్దనూ లేరు.

స్కానింగ్ విషయం. ప్రింట్లను కనీసం 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), నలుపు తెలుపువైనా రంగులోనే, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా. వెనకవైపు కూడా తప్పనిసరిగా. గాజు పలకలకు కింద నుంచి వెలుతురు వచ్చే స్కానర్ కావాలి, లేదా వెలుతురు బల్ల మీద పెట్టి కెమెరాతో తీయాలి. పలకను పూర్తిగా, అంచులతో సహా తీయండి. సూదితో గీకిన అంకె అంచునే ఉందని మీరే చూశారు. ఆ ఫైలును దిద్దకుండా దాచి, వేరే కాపీ మీద వెలుతురు సరిచేసుకోండి.

మసక ముఖాలను కృత్రిమ మేధతో స్పష్టం చేసే సాధనాలు ఇప్పుడు ఎవరి ఫోనులో చూసినా ఉన్నాయి. ఈ సేకరణ దగ్గరికి వాటిని రానివ్వవద్దని వేడుకుంటున్నాను. 412లో చెదిరిన ముఖానికి అవి కళ్లు, ముక్కు, నోరు అతికిస్తాయి. అవి ఆ పిల్లవాడివి కావు, ఎవరివీ కావు. ఇంజను మీద అరిగిన అంకెను కూడా అలాగే కల్పించి పెడతాయి. చూసేవాళ్లకు తేడా తెలియదు. ఒకసారి అంతర్జాలంలోకి వెళ్లాక అసలుది ఏదో ఎవరూ అడగరు.

పేర్ల కోసం పెద్దవాళ్ల దగ్గరకు వెళ్లేటప్పుడు అసలు ఫోటోలు తీసుకెళ్లకండి, పెద్ద ప్రింట్లు వేసుకెళ్లండి. “ఇది ఎవరు?” అని అడిగితే చాలామంది తెలియదంటారు. ఇల్లు చూపించండి. 414 లాంటిది, మనుషులు లేని ఇల్లు. ఆ ఇంట్లో ఎవరుండేవారు, పక్కింట్లో ఎవరు, దాని ముందు ఏముండేదని మాట మొదలుపెట్టండి. అలా మొదలైన మాటల్లో పేర్లు వాటంతట అవే వస్తాయి. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారన్నది కూడా రాసుకోండి. ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయండి. చాలా వయసు మళ్లినవాళ్లు ఉంటే, స్కానింగ్ పూర్తయ్యేదాకా ఆగకుండా ఈ వారమే వెళ్లండి. గాజు పలకలు ఇంకో ఏడాది ఆగగలవు.

వీధిదీపం:

రేపటి నుంచి కవర్ల మీద సంఖ్యలు రాయడం మొదలుపెడుతున్నాను. బడి రిజిస్టరు కోసం ప్రధానోపాధ్యాయురాలిని అడిగాను. పాత పుస్తకాలు బీరువాలో ఉన్నాయని, వచ్చి చూసుకోమని అన్నారు. 413, 414 పెద్ద ప్రింట్లు వేయించాను. స్టేషను వెనక వీధిలో తొంభై దాటిన ఒక పెద్దావిడ ఉన్నారట, ముందు ఆమె దగ్గరకు వెళతాను.

గార్డుపెట్టె గారూ, 415లో ఇంజను ఫలకం భాగాన్ని విడిగా తీసి పెట్టమంటారా? వరుస సంఖ్యలో చివరి అంకె 3 అని నాకు అనిపిస్తోంది, 8 కూడా కావచ్చు.

గార్డుపెట్టె:

పెట్టండి. ఫలకం ఒక్కటే కాదు, చక్రాలన్నీ కనిపించేలా ఇంజను పూర్తిగా ఉన్నది కూడా. టెండరు మీద అక్షరాలు ఏమున్నాయో ఇంకా చెప్పలేదు మీరు. 3 అయినా 8 అయినా కర్మాగారపు జాబితాలో రెండు సంఖ్యలూ చూస్తాను. వాటిలో ఏ ఇంజను ఏ కంపెనీకి వెళ్లిందో టెండరు అక్షరాలతో పోలిస్తే తేలిపోతుంది.